నాయన నాలుక

పోయిన వారం లోహితను మనం బంగారుపాళ్యం బస్టాండులో దింపి వదిలేశాం. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో వాళ్ళ నాయన రక్తపరీక్ష కాగితం, నెత్తిన జూన్ నెల ఎండ. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది పాపం. ఇంకాసేపు అట్లాగే ఉంచితే మాగిపోతుంది. పదండి, ఇంటికి తోడుకుపోదాం.

నడుస్తూ నడుస్తూ పాత సంగతులు చెప్పుకుందాం. లోహిత తిరుపతిలో క్లినికల్ న్యూట్రిషన్ చదువుతోంది. ఆఖరి సెమిస్టరు. తిండిని తూచే చదువు అని ఆ పిల్ల అంటుంది, తినేవాళ్ళను దబాయించే చదువు అని వాళ్ళమ్మ ఆనందమ్మ అంటుంది. పాసైతే డైటీషియన్ అవుతుంది. 'డై'తో మొదలయ్యే ఉద్యోగం మనకెందుకని ఆనందమ్మ మొదట్లో బెంగపడితే, చివర్న 'షన్' అన్నట్టే ఉంది కదా, పెన్షన్ లాంటిదేలే అని వాళ్ళ నాయన వెంకటముని పెళ్ళానికి ధైర్యం చెప్పాడు.

ఆ చదువులో ఒక షరతుంది. ఒక రోగిని ఎంచుకుని, నాలుగు నెలలు పథ్యం నడిపించి, ఫలితం రాసివ్వాలి. తరగతిలో అందరూ ఆసుపత్రి వార్డుల్లో రోగుల్ని వెతుక్కుంటే లోహిత తండ్రిని ఎంచుకుంది. తండ్రి తిండి తనకు తెలియనిదా! మార్చిలో చార్టు రాసిచ్చింది. ఏప్రిల్లో షుగరు దిగింది. మేలో ఎక్కింది. మే నెలలో జరిగినా అది మేలు కాదు. జూన్‌లో ఇక ఎక్కి కూర్చుంది. ఏడు దాటకూడని మూడు నెలల సగటు తొమ్మిదిన్నర దాటింది. కంటి డాక్టరు లైటు వేసి చూసి, కంటి వెనక పొరలో చుక్కలు మొదలయ్యాయి, షుగరును ఇప్పుడు పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకుంటే లేదు అన్నాడు. చుక్కలు ముగ్గులో ఉంటే అందం, కంట్లో ఉంటే అంధం.

లోహిత ఆ కాగితాన్ని వాళ్ళ కల్యాణవల్లి మేడానికి చూపించింది. మేడం కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "చార్టు తప్పయినా కావాలి, నువ్వు రాసుకొచ్చిన తిండి లెక్క తప్పయినా కావాలి. ఒళ్ళు మాత్రం అబద్ధం చెప్పదమ్మా" అంది. చార్టు తప్పు కాదని తేలింది. దాంతో లోహిత ఇంటికి ఫోను చేసి, కూతురు తల్లిని అడగకూడని ప్రశ్న అడిగేసింది.

"అమా, నాయనకు దొంగతనంగా నువ్వేమన్నా పెడతాండావా?"

ఆనందమ్మ ఫోను పెట్టేసింది. అదీ జరిగింది. ఇదిగో, ఇల్లొచ్చేసింది.

తలుపు ఆనందమ్మే తీసింది. తీసి, కూతురితో కాకుండా తలుపుతో మాట్లాడింది.

"ఓ తలుపా, ఆపీసరమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కోమను."

"అమా, నాతో మాట్లాడవా?"

"దొంగలు ఆపీసర్లతో యాడన్నా మాట్లాడతారా గోడా? నువ్వే సెప్పు."

గోడ ఏమీ చెప్పలేదు కానీ, గోడ మీది చార్టు చాలా చెప్పింది. పొయ్యి పైన, దేవుడి క్యాలెండరు పక్కన, దేవుడికన్నా ఒక జానెడు ఎత్తులో లోహిత చేతిరాత వేలాడుతోంది. పొద్దున రాగిసంగటి నూరు గ్రాములు, ఆకుకూర పప్పు ఒక గిన్నె, చెంచాడు చెనిగ్గింజల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. కింద, అంగట్లో వాడే తక్కెడ. ఆనందమ్మ ఆ తక్కెడను ఊళ్ళో అంగడివాడి దగ్గర అడిగి తెచ్చుకుంది. సంగటి ముద్దను అందులో పెట్టి, నూరు గ్రాముల రాయికి సరితూగి ముల్లు నిలిచేదాకా గోరంత తుంచి, గోరంత అతికించి, బంగారం తూచినట్టు తూచేది. సంగటి సంగతి అంత సూక్ష్మంగా నడిచే ఇంట్లో దొంగతనం ఎక్కడ దూరుతుంది? మామిడి సీజనులో, బంగారుపాళ్యంలో, ఇంట్లోకి ఒక్క మామిడికాయ రానివ్వని ఇల్లు అదొక్కటే. వీధిలో జనం ఆ ఇంటిని వింతగా చూసుకుంటూ పోయేవాళ్ళు.

లోహితకు తాను ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. క్షమాపణ చెప్పాలి. కానీ తప్పెక్కడో దొరక్కుండా చెప్పే క్షమాపణ, రోగమేదో తెలియకుండా వేసే మాత్ర లాంటిది. మాత్ర మాత్రం అయిపోతుంది, రోగం పోదు. అందుకని ముందు నాయన దగ్గరికి పోయింది.

వెంకటముని వసారాలో నవారు మంచం మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా, చెరుకు గడకు చొక్కా తొడిగినట్టుంటాడు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో 'నాలుక వెంకటముని' అంటే తెలియని రైతు లేడు. రైతులు తోటల నుంచి తోతాపురి కాయ తెచ్చి దించే మామిడి ర్యాంపులో ఆయన ఉద్యోగం ఒక్కటే. ప్రతి బండి నుంచీ కాయ కోసి, నోట్లో వేసుకుని, ఇది పల్పు ఫ్యాక్టరీకి పంపండి, ఇది ఇంకా రెండు రోజులు మాగాలి, ఇది పక్కన పెట్టండి అని చెప్పడం. ఆయన అవునన్న కాయను ఫ్యాక్టరీ కాదనదు. ఆయన కాదన్న కాయకు రైతు కూడా కోపం తెచ్చుకోడు.

"రా అమ్మణ్ణీ, కూసో. ఏమట్లా వాడిపొయినావు? ఆ తిరప్తిలో మీకు తిండి గురించి సెప్తారే గానీ తిండి పెట్టరా?"

"నాయనా, నిన్న పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా నువ్వేం చేసినావో చెప్పు. నేను రాసుకుంటాను."

"మళ్ళానా? పోయిన తూరి సెప్తినే."

"పోయిన తూరి నువ్వేం తిన్నావని అడిగినాను. ఈసారి ఏం చేసినావని అడుగుతాండాను."

ఇది కల్యాణవల్లి మేడం చెప్పిన చిట్కా. మనిషి తిన్నది మరిచిపోతాడు, చేసింది మరిచిపోడు. నోటిని అడక్కు, చేతులను అడుగు అని. ఇరవైనాలుగు గంటల తిండి జాబితా తీయడం ఈ చదువులో అక్షరాభ్యాసం. లోహిత నాలుగు నెలల్లో పదహారు సార్లు తీసింది. పదహారు సార్లూ అదే సంగటి, అదే పప్పు, అదే మజ్జిగ.

"ఐదుకు లేస్తి. పండ్లు తోముకుంటి. మీయమ్మ సక్కెర లేని కాపీ ఇచ్చె. అది కాపీ గాదు, కాపీ పేరు పెట్టుకున్న కషాయం. ఏడుకు సంగటి. తక్కెడలో పెట్టి సూపించి మరీ పెట్టె. ఏడున్నరకు ర్యాంపు. బండ్లు వచ్చి నిలబడిండాయి. ఎక్కినా. కోసినా. సూసినా. దిగినా. ఇంకో బండి ఎక్కినా. కోసినా. సూసినా…"

"ఏం చూసినావు?"

"రుసి మే! ర్యాంపు మీద ఇంకేం సూస్తారు, సినిమానా?"

లోహిత పెన్ను ఆగిపోయింది. ర్యాంపు తెరిచింది మేలో, షుగరు ఎక్కిందీ మేలో.

నోటుపుస్తకం మొదటి పేజీ తిప్పింది. రోగి పేరు: వెంకటముని. వయసు: యాభై ఆరు. వృత్తి: మామిడి ర్యాంపులో రుచి చూచుట. గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. కింద గీత కూడా గీసింది. తర్వాత పదహారు పేజీల్లో తిండి గురించి రాసింది, ఒక్క పేజీలోనూ మామిడి మాట రాయలేదు. ఎందుకు రాయలేదు? తట్టలేదు కాబట్టి. బంగారుపాళ్యంలో పుట్టిన పిల్లకు నాయన రుచి చూడటం అంటే డ్రైవరు స్టీరింగు పట్టుకోవడం, టైలరు సూది పట్టుకోవడం. పనిని తిండి కింద ఎవరు రాస్తారు? తిరుపతి నుంచి వచ్చిన ఏ మేడమైనా మొదటి రోజే అడిగి ఉండేది. ఊరి పిల్ల కాబట్టే అడగలేదు. కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే పుస్తకమైనా కనిపించదు.

"నాయనా… రుచి చూసినాక ఉమ్మేస్తావా, మింగతావా?"

వెంకటముని కూతుర్ని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఉమ్మేదా? రైతు ముందరా? ఏం మాట మే అది! ఏడాది పొడుగునా నీళ్ళు కట్టి, మందు కొట్టి, రాత్రుళ్ళు కావిలి పండుకోని తెచ్చినాడు. ఆ కాయ కోసి, నోట్లో ఏసుకోని, వాని కండ్ల ముందర తూ అని ఉమ్మితే? అది కాయ మీద ఉమ్మినట్టా, వాని మొగాన ఉమ్మినట్టా? పుల్లకాయైనా మింగాల. మింగి, 'బాగుండాది గానీ ఇంగ రవంత మాగల్లప్పా' అనాల. మా మామ ఈ పని నేర్పి నాకు కత్తి ఇచ్చిననాడు సెప్పిన మాట అది. అప్పట్నుంచి ఒక్కనాడు ఉమ్మలే."

"నిన్న ఎన్ని బండ్లు?"

"ఇరవై నాలుగు."

"బండికి ఎన్ని కాయలు?"

"పైనొకటి, నడుమొకటి, అడుగునొకటి."

"కాయకు ఎన్ని ముక్కలు?"

"ఒక… టి."

ఆ 'ఒక'కూ 'టి'కీ మధ్య ఒక ఎద్దుల బండి పోయేంత సందుంది. లోహిత దాన్ని మనసులో గుర్తు పెట్టుకుని, ముందు ఒకటనే వేసుకుని లెక్క కట్టింది. డెబ్భై రెండు ముక్కలు. ముక్క పది గ్రాములనుకున్నా దాదాపు ముప్పావు కిలో. దోరకాయని కొంత తగ్గించినా ఇరవై చెంచాల చక్కెర. తక్కెడలో సంగటిని గోరంత తుంచే ఇంట్లో, ఇరవై చెంచాల చక్కెర రోజూ గేటు బయటే లోపలికి దిగిపోతోంది!

"ఇరవై చెంచాలు నాయనా!" అంది, నవ్వాలో ఏడవాలో తెలియక. "రోజుకు!"

"రుసి సూస్తే తిన్నట్టెట్లయితాది మే? మీయమ్మ కూరలో ఉప్పు సూస్తాది. అన్నం తినిందని రాస్తావా?"

లోహిత నోటుపుస్తకం మంచం మీద పెట్టేసి లేచి వంటింటి గడప దగ్గరికి పోయింది. ఆనందమ్మ అటు తిరిగి మునగాకు దూస్తోంది. ఆకులు కింద పడుతున్నాయి, కాడలు గిన్నెలో పడుతున్నాయి. అంటే చెవులు వసారాలో ఉన్నాయన్నమాట.

"అమా. తప్పు నాది. నేను రాసుకున్న లెక్కే తప్పు. నిన్ను అట్ల అడిగిండకూడదు."

ఆనందమ్మ గోడ వైపు చూసింది. గోడకు ఏదో చెప్పబోయింది. మాట గోడ దాకా పోలేదు, మధ్యలోనే మలుపు తిరిగి కూతురి మీద పడింది.

"నాలుగు నెలలు మ్మే! మా అన్న కూతురి పెండ్లిలో లడ్డు తట్ట పక్కన కూసోని, మీ నాయన సెయ్యి పట్టుకోనే ఉంటిని. జనాలు సూసి, 'ఆనందికి ఈ వయసులో ఇంత ప్రేమేంది' అని నవ్విరి. నేను పట్టుకున్యది ప్రేమతో గాదు, లడ్డు మిందికి పోకుండా!"

లోహిత పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఆనందమ్మ కూడా కొంగుతో మూతి మూసుకుంది. పీచు ఎక్కువుంటే పేచీ తక్కువంటారు డైటీషియన్లు. మునగాకు పుణ్యమో ఏమో, వారం పేచీ ఆ గడప మీదే తీరిపోయింది.

కానీ 'ఒక… టి' తీరలేదు. లోహిత మళ్ళీ నాయన దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నాయనా, కాయకు ఒక ముక్కేనా?"

"ఒకటే. ఒక్కోసారి రెండు."

"ఒక్కోసారి?"

"…మూడు."

"నా చిన్నప్పుడు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, ఇది బావి పక్క మాను కాయ, ఇది గట్టు మాను కాయ అని చెప్పేవాడివి. ఇప్పుడు మూడెందుకు?"

వెంకటముని మీసం దువ్వడం ఆపేశాడు. ఆకలేసిందేమో మే, అన్నాడు. ఆ మాట ఆయన నోటికే రుచించలేదు.

లోహిత లేచింది. పక్కింటి చంద్రకాంతమ్మ దగ్గరికి పోయి రెండు తోతాపురి కాయలు అడిగి తెచ్చింది. ఒకటి వాళ్ళ బావి దగ్గరి మానుది, ఒకటి దొడ్డి వెనక మానుది. రెండో సెమిస్టరు ల్యాబులో నేర్పిన పరీక్ష ఒకటుంది. మూడు పళ్ళేలు పెడతారు. రెండింట్లో ఒకటే పదార్థం, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. అంతే. లోహిత కాయలు కోసి, గోరంత ముక్కలు మూడు పళ్ళేల్లో పెట్టి, తువ్వాలుతో నాయన కళ్ళకు గంతలు కట్టింది.

"నా నాలుకకే పరీచ్చా? పెట్టు, పెట్టు. మీ మేడాన్ని గూడా పిలిపించు."

మొదటి ముక్క. రెండోది. మూడోది. వెంకటముని చప్పరించాడు. ఇంకోసారి ఇమ్మన్నాడు. ఇంకోసారి చప్పరించాడు.

"మొదటిది వేరే."

కాదు. లోహిత పళ్ళేలు మార్చింది.

"ఈ తూరి… నడుమది."

కాదు. మళ్ళీ మార్చింది. ఈసారి ఆయన ముక్క బుగ్గన పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు, వినపడని పాట కోసం చెవి ఒగ్గినట్టు.

"సెప్పలేను మే" అన్నాడు చివరికి.

తువ్వాలు ఆయనే విప్పుకున్నాడు. విప్పుకుని కూతురి వైపు కాకుండా పళ్ళేల వైపు చూశాడు.

"పోయినేడు కాయలప్పుడే తెలిసింది. ఒకనాడు పొద్దున బండెక్కి, ముక్క నోట్లో ఏసుకుంటే నీళ్ళు నమిలినట్టుండాది. కాయలో లేదేమో అనుకోని ఇంకో ముక్క ఏసుకుంటి. అప్పుడు రవంత తెలిసె. ఆ పొద్దు నుంచి తగ్గతా తగ్గతా వచ్చె. మూడు తింటే గానీ ఆ రవంతా తెలీదు."

షుగరు ముదిరితే నాలుకకు తీపి మొద్దుబారే వీలుందని లోహిత చదువుకుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది. ఐదుకు ఐదూ వచ్చాయి. ఆ జవాబుకు మీసం ఉంటుందని, మంచం మీద ఎదురుగా కూర్చుంటుందని అప్పుడు తెలియదు. షుగరు పెరిగితే రుచి తగ్గె. రుచి తగ్గితే ముక్కలు పెరిగె. ముక్కలు పెరిగితే షుగరు ఇంకా పెరిగె. నాయన ఒక గానుగలో పడి కాయలొచ్చినప్పుడల్లా తిరుగుతున్నాడు, తన చార్టు ఆ గానుగ పక్కన నిలబడి సంగటి తూస్తోంది.

"మరి పోయినేడు నుంచి ర్యాంపు మీద ఎట్ల చెప్పినావు నాయనా? ఒక్క రైతూ తప్పని అనలేదే!"

వెంకటముని మొహంలో ఆ దిగులులోనూ చిన్న దొంగనవ్వు మెరిసింది.

"కాయను గాదు మే నేను సూసేది. రైతును. మంచికాయ తెచ్చినోడు నా కత్తి వైపు సూస్తాడు. పుల్లకాయ అడుగున దాసినోడు నా కండ్ల వైపు సూస్తాడు. నాలుక పోతే పోయింది. ముప్పై ఏండ్ల నుంచి మొగాలు సూస్తాండా, ఆ మాత్రం తెలీదా?"

లోహిత నాయన మీసానికి అంటిన మామిడి రసాన్ని తువ్వాలు కొసతో తుడిచింది. కోపగించుకోవాలని ఉంది. ఇంత తెలివైన రోగి మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలో ఆ చదువులో ఎక్కడా చెప్పలేదు.

"రేపట్నుంచి రుచి చూసేది నిలిపెయ్ నాయనా. నీ కండ్ల కోసం. ఇంకెవరికన్నా ఆ పని అప్పజెప్పు."

"సూస్తాం మే, ఈ సీజను పోనీ…"

ఆయన మాట పూర్తి కాకముందే గేటు ముందు బుల్లెట్టు బండి ఆగింది. ర్యాంపు మేస్త్రీ రాజారత్నం. మనిషి రాకముందే గొంతు వచ్చేసింది.

"మునన్నా! శుభవార్త! రేపు పొద్దున ఎనిమిదికి ఫ్యాక్టరీవోళ్ళు మిషను తెస్తాండారు. దాని అద్దం మింద ఒక బొట్టు రసం పిండితే, తీపి ఎంతుండాదో అంకెలో సెప్తాదంట. ఇంగ ముందు ఆ అంకె పెకారమే కాయ దించుకుంటారంట. నాకు మండింది. పై కాయ ఒకటి పిండి, అంకె తక్కువని బండికి బండి ఎనక్కి పంపిస్తే రైతు యాడికి పోతాడు? మూడు కాయలు సూసి ఒక నాయమైన మాట సెప్పేది మా మునన్నే, ఆయన నాలుక ముందర మీ మిషనెంత అంటిని. సరే, పందెం అన్నారు!"

"పందెమా?" అంది లోహిత.

"ఆరు కాయలు పాపా. మీ నాయన తీపి వరసలో పెట్టల్ల. మిషనూ పెడ్తాది. వరస కలిస్తే ఈ సీజనంతా మునన్న మాటే సెల్లుబాటు. కలవకుంటే మిషను మాట. మూడూర్ల రైతులు వస్తాండారు సూసేదానికి!"

వెంకటముని నెమ్మదిగా అడిగాడు. "కాయలెవరివి?"

"అదే గదా సంగతి! మనూరి కాయలు గాదు. దామల్‌చెరువు నుంచి తెస్తారంట. ఏ తోటవో, ఏ రైతువో నాగ్గూడా తెలీదు. రైతనేవోడు పక్కనే ఉండడు. ఇంగ మోసానికి సందేడిది?"

సందు లేదన్న సంబరం రాజారత్నానిది. సందే లేకపోయిందన్న సంకటం వెంకటమునిది. చదవడానికి ఒక్క మొహమూ లేని ఆరు కాయలు!

"వస్తావు గదా మునన్నా?"

లోహిత నాయన వైపు తల అడ్డంగా ఊపింది. వెంకటముని చూశాడు. చూసీ, "వస్తానని సెప్పప్పా" అన్నాడు.

రాజారత్నం ఈ వార్త వీధి మొత్తానికీ పంచిపెట్టాలి కాబట్టి బండెక్కి పోకుండా, దాన్ని తోసుకుంటూ పక్కింటి చంద్రకాంతమ్మ గేటు దగ్గర ఆగాడు. అక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"ఎందుకొస్తానంటివి నాయనా?"

"నా పేరు పోతే పోనీ మే. అంకె సూపించి బండ్లు ఎనక్కి పంపిస్తే రైతుల నోటికాడ కూడు పోతాది. ఇదో, ఒక మాట. నువ్వు నా పక్కన నిలబడు. ముందు నువ్వు రవంత కొరుక్కో. తీపైతే బుజం మింద సున్నీ సరిజేసుకో. పులుపైతే దగ్గు."

"ఆరు కాయలకు ఎన్ని దగ్గులు దగ్గాల నాయనా? అది ర్యాంపనుకోరు, టీబీ ఆసుపత్రి అనుకుంటారు."

"నవ్వులాట గాదు మే."

"నవ్వులాట కాదు. రోజూ వార్డులో ప్రతి మంచం దగ్గరా నేను చెప్పేది ఒకటే, దాచొద్దు అని. మూడూర్ల రైతుల ముందర నిలబడి నేనే దాచాలనా? తెలిసిపోతే నిన్నింక ఏ రైతు నమ్ముతాడు?"

వెంకటముని తల దించుకున్నాడు. కూతురి మాట కాదనలేడు, రైతులను కాదనలేడు. పందెం మానుకుంటే మిషను గెలిచినట్టు, ఆడితే తాను ఓడినట్టు.

అంతలో వెనక ఎవరో చప్పరిస్తున్న చప్పుడు.

ఆనందమ్మ వసారా గడప మీద కూర్చుని ఉంది. మూడు పళ్ళేలూ ముందుకు లాక్కుని, మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది. ముక్కలు వృథా పోతే ఆమెకు నచ్చదు.

"ఈ రెండూ ఒక కాయే" అంది, చేత్తో రెండు పళ్ళేలు పక్కకు జరిపి. "సంద్రకాంతక్కోళ్ళ బాయికాడి మానుది. మొన్న వానకు రవంత సప్పబడ్డాది. ఇది దొడ్డెనక మానుది. తీపే గానీ, టెంకె పక్కన పులుపు దాసిపెట్టుకోనుండాది."

లోహిత నోరు తెరుచుకుని చూసింది. కాయలు ఏ మానువో తాను ఎవరికీ చెప్పలేదు. పళ్ళేలు లాక్కుని, కొత్త ముక్కలు కోసి, అమ్మ కళ్ళకు తువ్వాలు కట్టి మళ్ళీ పెట్టింది. ఆనందమ్మ మొదటి ముక్కకే చెప్పేసింది. మార్చింది. చెప్పేసింది. మళ్ళీ మార్చి, ఈసారి అల్లరికి మూడింట్లోనూ ఒకే కాయ పెట్టింది.

"అన్నీ ఒకటే. నన్నే ఏమారుస్తావా మ్మే?"

"అమా! నీకెట్ల తెలుసు ఇదంతా?"

"తెలీకేం? మా నాయనోళ్ళ తోటలో కాయ దించిన దాన్ని. ఈ ఇంట్లో ముప్పై ఏండ్లుగా ఉప్పెక్కువో పులుపు తక్కువో సూసేది గోడనా? మీ నాయన బండి మింద నిలబడి సూసినాడు, నలుగురూ పేరు పెట్టిరి. నేను పొయ్యికాడ కూసోని సూస్తి, ఎవురూ పేరు పెట్టలే. అంతే తేడా."

తువ్వాలు విప్పి, మడిచి, మంచం కోడు మీద వేసింది.

"రేపు ఎనిమిదికి గదా? ఆరింటికే సంగటి కెలికేస్తా."

"ఎందుకంత పొద్దున్నే?" అన్నాడు వెంకటముని.

"ర్యాంపుకు పొయ్యేది లేదా?"

"పొయ్యేది నేను గదే!"

"నువ్వూ రా. పక్కన నిలబడు. దాసేది లేదు, దగ్గేది లేదు. నాలుక సరిలేదని నలుగురి ముందరా నువ్వే సెప్పు. కాయ నేను సూస్తా."

ముప్పై ఏళ్ళలో ఆ ర్యాంపు మీద ఆడమనిషి తట్ట మోసింది, కాయ ఏరింది, చెత్త ఊడ్చింది. బండెక్కి కాయ కోసి ఇది మంచిది అని చెప్పింది మాత్రం లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. వెంకటముని పెళ్ళాం మొహం వైపు చూశాడు. రోజుకు పాతిక మొహాలు చదివే మనిషి, ఆ ఒక్క మొహాన్నీ ఇప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు చాలాసేపు చూశాడు.

పక్కింటి గేటు దగ్గర బుల్లెట్టు స్టార్టయింది.

వెంకటముని దిగ్గున లేచాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా కాలే నేల మీద వీధిలోకి పరుగెత్తాడు.

"రాజారత్నం! ఆగప్పా! ఇంకో మాటుండాది!"

తల్లీకూతుళ్ళిద్దరూ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వెంకటముని బండి హ్యాండిలు పట్టుకుని, వంగి, రాజారత్నం చెవిలో ఏదో చెబుతున్నాడు. మాట వినపడలేదు. పందెం వద్దంటున్నాడో, నాలుక మారిందంటున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు. రాజారత్నం మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. వెనక్కి తిరిగి, గేటు దగ్గర నిలబడ్డ ఆనందమ్మను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

తర్వాత బండి ఇంజను ఆపేశాడు. వాళ్ళను అక్కడే నిలబెట్టి, మనం వచ్చే వారం వద్దాం.